సెల్ కౌంటర్ కొనే ముందు, కొన్న తర్వాత: చిన్న ల్యాబ్ వాళ్ల కోసం

శ్రీకాకుళంలోనో రాజాంలోనో టెక్కలిలోనో రెండు గదుల ల్యాబ్ నడుపుతున్నారు. ఇన్నాళ్లూ సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) శాంపిళ్లు పెద్ద ల్యాబ్‌కి పంపి వచ్చినదాంతో సరిపెట్టుకున్నారు, లేదా పాత మిషన్ మీదే ఎలాగో లాక్కొస్తున్నారు. ఇప్పుడు రక్తకణాలను లెక్కపెట్టే మిషన్, అదే కొత్త సెల్ కౌంటర్, కొందామని మనసులో పడింది. కంపెనీ కుర్రాడు రంగుల బ్రోషర్ పట్టుకుని వచ్చి, మీరిచ్చిన టీ తాగి, “ఈ నెలాఖరులోపు అయితే మంచి ఆఫరుంది సార్” అని చెప్పి వెళ్లాడు. ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి. నేను ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటాను. మూడు మిషన్లు కొన్నాను, అందులో ఒకటి తప్పుగా కొన్నాను.

ముందు మిషన్ ఎలా లెక్కపెడుతుందో తెలుసుకోండి

ఇది తెలియకపోతే తర్వాత చెప్పేదేదీ ఎక్కదు. అమెరికాలో వాలెస్ కౌల్టర్ అనే ఇంజినీరు కనిపెట్టిన పద్ధతి ఇది. 1949లో పేటెంటుకి దరఖాస్తు పెడితే 1953లో వచ్చింది. ఇవాళ ఏ దేశపు కంపెనీ మిషన్ తీసుకున్నా ఎర్ర కణాలనీ ప్లేట్‌లెట్లనీ లెక్కపెట్టడానికి ఎక్కువ భాగం ఆ పద్ధతే వాడతారు.

జాతీయ రహదారి మీద మడపాం టోల్‌గేటు గుర్తు తెచ్చుకోండి. బండ్లన్నీ ఒక్కొక్కటిగా ఆ సందులోంచే దూరాలి. మిషన్‌లో ఆ సందు పేరు అపెర్చర్. రంధ్రం తలవెంట్రుక మందం ఉంటుందంతే. రక్తాన్ని ఉప్పునీటి లాంటి డైల్యూయెంట్‌లో బాగా పలచన చేసి ఆ రంధ్రంలోంచి లాగుతుంది. రంధ్రానికి అటూ ఇటూ కరెంటు పారుతూ ఉంటుంది. కణం దూరినప్పుడల్లా ఆ కరెంటుకి క్షణం పాటు అడ్డు తగులుతుంది. పెద్ద కణమైతే పెద్ద ఊపు, చిన్న కణమైతే చిన్న ఊపు. 7, 8 మైక్రాన్ల ఎర్ర కణం లారీ అనుకుంటే, 2, 3 మైక్రాన్ల ప్లేట్‌లెట్ బైకు. అసలు టోల్‌గేటులో బైకులకి లెక్కుండదు గానీ ఇక్కడ వాటినీ వదలరు. తెల్ల కణాల లెక్క వేరే గదిలో జరుగుతుంది: లైజ్ పోసి ఎర్ర కణాలను పగలగొట్టి, మిగిలినవాటిని లెక్కపెడతారు. హిమోగ్లోబిన్‌ని లెక్కపెట్టరు, ఆ పగిలిన రంగులోంచి వెలుతురు పంపి ఎంత మింగిందో చూస్తారు.

ఇందులో పట్టుకోవాల్సింది ఒక్కటే. మిషన్‌కి కణం ముఖం తెలియదు, సైజే తెలుసు. పది బైకులు తాడుతో కట్టుకుని గుంపుగా వెళ్తే దానికి అది ఒక లారీ. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

త్రీ పార్టా, ఫైవ్ పార్టా

త్రీ పార్ట్ మిషన్ తెల్ల కణాలను సైజును బట్టి మూడు కుప్పలు పోస్తుంది: లింఫోసైట్లు, మధ్యరకం, గ్రాన్యులోసైట్లు. ఫైవ్ పార్ట్‌లో లేజర్ వెలుతురు కణం మీద పడి ఎటెటు చెదిరిందో చూసి అయిదు రకాలుగా విడదీస్తుంది. పెద్ద ఆసుపత్రుల్లోని ఫ్లో సైటోమీటర్లు, హెచ్ఐవీ రోగుల సీడీ4 లెక్కపెట్టే యంత్రాలు ఈ లేజరు దారిలోనే ఇంకా ముందుకెళ్లినవి. అవి మన గల్లీ ల్యాబుల సంగతి కాదు.

మన జిల్లాల్లో ఫైవ్ పార్ట్ వైపు మొగ్గడానికి ఒక కారణం ఉంది, ఇసినోఫిల్స్ అనే రకం తెల్ల కణాలు. ఫైలేరియా, నులిపురుగులు, ఎలర్జీ దగ్గు, వీటన్నిటిలో ఇసినోఫిల్స్ పెరుగుతాయి. త్రీ పార్ట్ మిషన్ వాటిని విడిగా చూపించదు, మిగతావాటితో కలిపేస్తుంది. పిల్లల డాక్టరో ఛాతీ డాక్టరో మీకు ఎక్కువ కేసులు పంపుతుంటే ఫైవ్ పార్ట్ గురించి ఆలోచించండి.

నా మాటైతే, రోజుకు 15, 20 సీబీపీలు వచ్చే చోట మంచి త్రీ పార్ట్, దాని పక్కన మైక్రోస్కోపు, స్లైడు చదివే అలవాటు, ఈ మూడూ ఉంటే చాలు. స్లైడు చదవడం మానేసి ఫైవ్ పార్ట్ కొన్నవాళ్లను చూశాను, వాళ్ల రిపోర్టులూ చూశాను. మందస, మెళియాపుట్టి వైపు నుంచి గిరిజన పిల్లల శాంపిళ్లు వస్తుంటే మరీ జాగ్రత్త. సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుకతో వచ్చే జబ్బు) ఉందో లేదో ఏ కౌంటరూ చెప్పలేదు. దానికి సాల్యుబిలిటీ పరీక్ష, ఆపై హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీయో ఎలక్ట్రోఫోరెసిస్సో కావాలి. పైగా అలాంటి రోగుల్లో న్యూక్లియస్ ఉన్న పసి ఎర్ర కణాలు బయటికొస్తే చాలా మిషన్లు వాటిని తెల్ల కణాల ఖాతాలో వేసేస్తాయి. తెల్ల కణాలు 20,000 అని వస్తుంది, స్లైడు చూస్తే అందులో చాలావరకు తెల్లవే కావు.

ధర చూడకండి, సీసాల లెక్క చూడండి

నేను తప్పుగా కొన్నది ఇక్కడే. మిషన్ చవగ్గా ఇచ్చారు. రియేజెంట్ (మిషన్‌లో పోసే ద్రవం) క్యాన్ మీద చిన్న చిప్ ఉంది, అదే కంపెనీ క్యాన్ పెడితే తప్ప మిషన్ కదలదు. ఏడాది తిరిగేసరికి క్యాన్ రేటు పెంచారు. మాట్లాడదామంటే ఒప్పందంలో రేటు మార్చబోమని ఎక్కడా రాసి లేదు. కంపెనీ పేరు చెప్పను, తప్పు నాది, చదవకుండా సంతకం పెట్టాను.

లెక్క ఇలా వేసుకోండి. డైల్యూయెంట్ 20 లీటర్ల క్యాన్, టెస్టుకు 25 మిల్లీలీటర్లు పడుతుందనుకుందాం. క్యాన్‌కి 800 టెస్టులు. బ్రోషర్‌లో ఉండేది ఇదే. కానీ మిషన్ పొద్దున్న లేవగానే కడుక్కుంటుంది, రాత్రి పడుకునే ముందు కడుక్కుంటుంది, ఖాళీగా ఉన్నా మధ్యమధ్యలో కడుక్కుంటుంది. ఆ కడుగుళ్లు మొత్తం 8 టెస్టులంత, కంట్రోల్స్ (అంకె ముందే తెలిసిన పరీక్ష రక్తం) 2, అనుమానం వచ్చి మళ్లీ నడిపేవి 2 అనుకోండి. 15 మంది రోగులొచ్చిన రోజున మిషన్ తాగేది 27 టెస్టుల నీళ్లు. 800ని 27తో భాగిస్తే క్యాన్ 30 రోజుల్లోపే అయిపోతుంది, ఆలోపు వచ్చిన రోగులు సుమారు 444 మంది. క్యాన్ ధర 3,000 అనుకుంటే టెస్టుకు 3 రూపాయల 75 పైసలని కంపెనీ చెబుతుంది, మీ జేబులోంచి పోయేది 6 రూపాయల 75 పైసలు. లైజ్‌కీ క్లీనర్‌కీ ఇదే లెక్క విడిగా వేయండి. ఇవి ఉదాహరణ అంకెలు మాత్రమే, మీ మిషన్ అంకెలు కంపెనీ వాడిచేత కాగితం మీద రాయించుకోండి: ఒక టెస్టుకెంత, స్టార్టప్‌కెంత, షట్‌డౌన్‌కెంత. చెప్పడానికి నసిగితే అదీ ఒక సమాధానమే.

సీసా మూత తీశాక ఎన్నాళ్లు పనికొస్తుందో కూడా అడగండి. రోజుకు అయిదు కేసులొచ్చే ల్యాబ్‌లో పెద్ద క్యాన్ సగం ఉండగానే గడువు దాటిపోతుంది.

“మిషన్ ఫ్రీ సార్, రియేజెంట్లు మా దగ్గర కొంటే చాలు” అనే బేరం కూడా వస్తుంది. చెడ్డ బేరం అనను, డబ్బు లేనివాడికి అదే దారి. కానీ నెలకు కనీసం ఇంత కొనాలన్న షరతు ఎంతో, సంక్రాంతి నెలలో అంత కొనలేకపోతే ఏమవుతుందో, రేటు ఎన్నేళ్లు మారదో, మధ్యలో మానేస్తే మిషన్ తీసుకెళ్లే ఖర్చు ఎవరిదో రాయించుకోకుండా ముందుకెళ్లకండి.

ఇంజినీరు ఎక్కడ ఉంటాడు?

మిషన్ గురించి వంద ప్రశ్నలు అడిగేవాళ్లు ఈ ఒక్కటి మర్చిపోతారు. విశాఖలో ఉంటే శ్రీకాకుళానికి పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నానికి పని మొదలెడతాడు. హైదరాబాద్‌లో ఉంటే మీ ఫోను ఆయన రైలు టికెట్టు దొరికేదాకా ఆగాలి. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లయితే ఇంకో మెట్టు ఎక్కువ. విశాఖ నుంచి రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఎవరైనా బరంపురం నుంచి సర్వీసు ఇస్తారేమో అక్కడ కూడా ఒకసారి విచారించండి.

మిషన్ బాగోగులకి ఏటా కంపెనీతో చేసుకునే ఒప్పందం రెండు రకాలు: ఏఎంసీ అంటే వచ్చి చూసినందుకు కూలి, సీఎంసీ అంటే విడిభాగాలతో సహా. సీఎంసీ అన్నా కూడా చివరి పేజీలో “ఇవి తప్ప” అని ఒక జాబితా ఉంటుంది. పంపు గొట్టాలు, వాల్వులు, లేజరు, అపెర్చర్ అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. జిల్లాలో అదే మోడల్ వాడుతున్న మూడు ల్యాబుల పేర్లు అడిగి, కుర్రాడు వెళ్లిపోయాక మీరే ఫోన్ చేయండి. “మిషన్ ఎలా ఉంది?” అని అడక్కండి, అందరూ బాగుందనే అంటారు. “కిందటిసారి ఎప్పుడు ఆగింది, ఎన్ని రోజులకి వచ్చారు?” అని అడగండి.

డెమోకి మీ ట్యూబులు తీసుకెళ్లండి

డెమోలో వాళ్లు నడిపేది కంట్రోల్ సీసాలో ఉన్న రక్తం, లేదా ఆరోగ్యంగా ఉన్న ఆ కుర్రాడి సొంత రక్తం. దాని మీద ఏ మిషనైనా ముచ్చటగా నడుస్తుంది. మీరు ఆ పొద్దున్న మీ దగ్గరికి వచ్చిన కష్టమైన ట్యూబులు పట్టుకెళ్లండి: ప్లేట్‌లెట్లు బాగా తగ్గిన జ్వరం కేసు, హిమోగ్లోబిన్ 6 దగ్గరున్న గర్భిణి, తెల్ల కణాలు బాగా పెరిగిన కేసు, ఎంసీవీ (ఎర్ర కణం సగటు సైజు) 60ల్లో ఉన్న పిల్లవాడు. ఈ చివరిది ముఖ్యం. ఇనుము లోపంతో ఎర్ర కణాలు మరీ చిన్నవైపోతే వాటి ముక్కలు ప్లేట్‌లెట్ల సైజుకి దగ్గరపడతాయి, మిషన్ వాటినీ ప్లేట్‌లెట్లని లెక్కేస్తుంది. మంచి మిషన్ కనీసం హెచ్చరిక గుర్తు పెడుతుంది. ఏ హెచ్చరికా లేకుండా నాలుగు లక్షలని అచ్చేసి ఇచ్చే మిషన్ నాకొద్దు.

గంటకి 60 శాంపిళ్లు అన్న మాటకి పడిపోవద్దు. మీకు రోజుకే 60 రావు. పసిపిల్లల వేలు గుచ్చి తీసిన రక్తంతో నడిచే పద్ధతి ఉందా, ఎంత రక్తం కావాలి అన్నది మీకు ఎక్కువ పనికొచ్చే ప్రశ్న.

గది, కరెంటు, వెల్డింగ్ షాపు

ఏసీ ఉండాలి. ఎండ పడని గోడ పక్క, కదలని బల్ల మీద, సెంట్రిఫ్యూజ్‌కి దూరంగా పెట్టండి. యూపీఎస్ ఆన్‌లైన్‌ది తీసుకోండి, ఇంట్లో ఇన్వర్టరు చాలదు.

ఎర్తింగ్ విషయం మాత్రం ఎలక్ట్రీషియన్ మాట మీద వదిలేయకండి. మల్టీమీటరు తెప్పించి న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఎంతుందో మీ కళ్లతో చూడండి, 2, 3 వోల్టులు దాటితే ఎర్త్ గొయ్యి మళ్లీ తవ్వించాల్సిందే. ఎందుకంత పట్టుదలంటే, ప్లేట్‌లెట్ ఇచ్చే ఊపు చాలా చిన్నది. కరెంటులో వచ్చే చిల్లర ఊపులు కూడా సరిగ్గా అంతే ఉంటాయి. మా పాత ల్యాబ్ కింద ఒక వెల్డింగ్ షాపు ఉండేది. రక్తం లేకుండా ఉత్త డైల్యూయెంట్ నడిపితే ప్లేట్‌లెట్లు సున్నా దగ్గర రావాలి కదా, కొన్నిసార్లు 25, 30 వేలు వచ్చేవి. అపెర్చర్ కడిగాం, క్యాన్ మార్చాం, ఇంజినీరొచ్చి బోర్డు మార్చాలన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం మిషన్ ముందు కూర్చుంటే కింద చర్రుమని వెల్డింగ్ మొదలైంది, స్క్రీన్ మీద ప్లేట్‌లెట్ గీత ఎగిరింది. అతను భోజనానికి వెళ్లాక మళ్లీ నడిపితే సున్నా. విడిగా ఎర్త్ వేయించుకున్నాక ఆ బాధ పోయింది, బోర్డు ఖర్చూ తప్పింది.

మిషన్ దించిన రోజు డబ్బు మొత్తం ఇచ్చేయకండి

కొంత సొమ్ము ఆపి ఉంచి, ఇంజినీరు పక్కన ఉండగానే ఈ పరీక్షలు చేయించండి.

ఒకే మంచి ట్యూబును పదిసార్లు నడిపించండి. పది అంకెల సగటు తీసి, స్టాండర్డ్ డీవియేషన్‌ని (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) సగటుతో భాగించి వందతో గుణిస్తే సీవీ శాతం వస్తుంది, ఫోన్‌లో ఎక్సెల్ ఉంటే అదే చెబుతుంది. హిమోగ్లోబిన్ 2 శాతం లోపు, తెల్ల కణాలు 3, 4 శాతం, ప్లేట్‌లెట్లు 5 నుంచి 8 శాతం లోపు ఉండటం మామూలు, మీ మోడల్ మాన్యువల్‌లో రాసిన హద్దే చివరి మాట. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు ల్యాబులకి హిమోగ్లోబిన్ సీవీ ప్రాణం లాంటిది. కిడ్నీ పాడైతే ఎర్ర కణాలను పుట్టించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను తయారవడం తగ్గుతుంది, రక్తం తగ్గుతుంది, ఆ ఇంజక్షన్ డోసుని డాక్టరు హిమోగ్లోబిన్ చూసే పెంచుతారు, తగ్గిస్తారు. మీ మిషన్ అర గ్రాము అటూ ఇటూ ఊగితే అక్కడ మందు ఊగుతుంది.

తర్వాత క్యారీ ఓవర్, అంటే ముందు శాంపిల్ ఎంగిలి తర్వాతదానికి అంటడం. ప్లేట్‌లెట్లు బాగా ఎక్కువున్న ట్యూబు వరుసగా మూడుసార్లు, వెంటనే బాగా తక్కువున్నది మూడుసార్లు నడపండి. తక్కువున్నదాని మొదటి అంకెలోంచి మూడోది తీసేయండి. ఎక్కువున్నదాని మూడో అంకెలోంచి తక్కువున్నదాని మూడో అంకె తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వందతో గుణించండి. 6,00,000 తర్వాత 24,000, చివరికి 20,000 వచ్చిందనుకుంటే 4,000ని 5,80,000తో భాగించాలి, 0.69 శాతం. 1 శాతం దాటితే ఒప్పుకోకండి.

ఆ తర్వాత వారం రోజుల్లో ఒక 40 ట్యూబులు మీ దగ్గర నడిపి, అవే ట్యూబులు నాలుగు గంటల్లోపు నమ్మకమైన పెద్ద ల్యాబ్‌లో నడిపించి పక్కపక్కన రాయండి. తేడా అన్నీ ఒకే వైపుకి ఉంటే కాలిబ్రేషన్ (మిషన్ అంకెను సరిదిద్దే సర్దుబాటు) సంగతి. అటూ ఇటూ గంతులేస్తుంటే అది వేరే జబ్బు. అప్పుడు మిగతా సొమ్ము ఇవ్వకండి.

రోజూ పని

ఇక్కడ చెప్పడానికి కొత్తేం లేదు, చేయడమే కష్టం. పొద్దున్న ఉత్త డైల్యూయెంట్‌తో బ్యాక్‌గ్రౌండ్ చూడాలి. కంట్రోల్ సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి 15, 20 నిమిషాలు బయట ఉంచి, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపాలి. కుదపకూడదు, మజ్జిగ చిలకడం కాదు. వచ్చిన అంకెను గ్రాఫు మీద చుక్క పెట్టాలి. ఒక చుక్క మూడు స్టాండర్డ్ డీవియేషన్లు దాటినా, వరుసగా రెండు చుక్కలు ఒకే వైపు రెండు దాటినా రోగుల శాంపిళ్లు ఆపేయాలి. హద్దు దాటింది కదా అని అదే సీసా నాలుగుసార్లు నడిపి, అందులో బాగున్నది రాసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది.

రిపోర్టు చూసేటప్పుడు చిన్న లెక్క: హిమోగ్లోబిన్‌ని 3తో గుణిస్తే హిమటోక్రిట్‌కి (రక్తంలో ఎర్ర కణాల భాగం ఎంత శాతమో చెప్పే అంకె) 3 అంకెల తేడాలో రావాలి. 12 అయితే 36 చుట్టూ. కణాల సైజు మామూలుగా ఉన్నవాళ్లకే ఈ లెక్క పనిచేస్తుంది. అలాంటివాళ్లలో ఇది తప్పి ఎంసీహెచ్‌సీ (ఎర్ర కణాల్లో హిమోగ్లోబిన్ చిక్కదనం) 37 దాటిందంటే, కణాలు దిగాక పైన తేలే ప్లాస్మా పాలలా కొవ్వుతో ఉందేమో చూడండి, లేదా చల్లదనానికి ఎర్ర కణాలు అతుక్కున్నాయేమో ట్యూబుని 37 డిగ్రీల్లో అరగంట ఉంచి మళ్లీ నడపండి.

తుఫాను కబురు వస్తే

ఇది ఏ మాన్యువల్‌లోనూ మన భాషలో రాయలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. జీడితోటలూ కొబ్బరితోటలూ పడుకున్నాయి, కరెంటు స్తంభాలూ పడుకున్నాయి. కాశీబుగ్గలో ల్యాబ్ నడిపే మా స్నేహితుడు ఆ రాత్రి మిషన్‌ని ఆన్‌లోనే వదిలి ఇంటికి పరుగెత్తాడు. యూపీఎస్ అయిపోయింది, మిషన్ కడుక్కోకుండానే ఆరిపోయింది. కరెంటు వచ్చాక మూత తీస్తే రక్తం పీల్చే సూది చివర, గొట్టాల కీళ్ల దగ్గర తెల్లగా పలుకులు కట్టి ఉంది. నౌపడ కొఠారుల్లో మడి గట్టున పేరుకున్న ఉప్పు ఎలా ఉంటుందో అలా. డైల్యూయెంట్ ఉప్పునీరే మరి, ఆరితే ఉప్పే మిగులుతుంది. అపెర్చర్ మూసుకుపోయింది. ఇంజినీరు ఫోన్‌లో చెబుతుంటే గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్, ప్రోబ్ క్లీనర్ మార్చి మార్చి నానబెట్టి రెండ్రోజులకి తెరిపించుకున్నాడు.

కాబట్టి తుఫాను హెచ్చరిక వినగానే, కరెంటు ఉండగానే, షట్‌డౌన్ పూర్తిగా చేసేయండి. నాలుగైదు రోజులు కరెంటు రాదనిపిస్తే మెనూలో ప్యాక్ అప్ ఉంటుంది, గొట్టాలను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఖాళీ చేస్తుంది. దానికి ఎన్ని లీటర్లు కావాలో ముందే తెలుసుకుని అటక మీద ఉంచుకోండి. కంట్రోల్ సీసాలు ఐస్ డబ్బాలోకి వెళ్లాలి, కానీ ఐసుకి తగలకూడదు. గడ్డకడితే కణాలు పగిలిపోతాయి.

ప్లేట్‌లెట్లు ముప్పై వేలని వస్తే

మిషన్ కొన్నది ఇలాంటి రోజు కోసమే. కొత్తలో నేను ఒకసారి 26,000 అని అచ్చయిన కాగితం అలాగే ఒక కుర్రాడి ఇంటివాళ్ల చేతిలో పెట్టేశాను. వాళ్లు రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని విశాఖ వెళ్లారు. అక్కడ మళ్లీ తీస్తే 2 లక్షల 10 వేలు. కారు కిరాయి ఎంతయిందో ఆ కుర్రాడు తిరిగొచ్చి నా ముఖం మీద చెప్పాడు. అప్పటి నుంచి లక్ష లోపు వచ్చిన ఏ ప్లేట్‌లెట్ కౌంటునీ స్లైడు చూడకుండా ఇవ్వలేదు.

మొదట ట్యూబు చూడండి. పర్పుల్ మూత తీసి అగ్గిపుల్లతో నెమ్మదిగా అడుగు దాకా కలియతిప్పి పైకి లాగండి. పుల్లకి దారంలా గడ్డ వేలాడితే ఆ శాంపిల్‌కి అక్కడితో సరి, మళ్లీ రక్తం తీయాల్సిందే. గడ్డలో చిక్కుకున్న ప్లేట్‌లెట్లని ఏ కంపెనీ మిషనూ లెక్కపెట్టలేదు. సగం కేసులు ఇక్కడే తేలతాయి. నరం దొరక్క సిరంజితో నిమిషాల తరబడి లాగడం, ట్యూబులో పోశాక కలపకుండా జేబులో పెట్టుకోవడం, ఇవే కారణాలు. ట్యూబు నిండాక 8, 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలని కలెక్షన్ కుర్రాళ్లకి నెలకోసారైనా చెప్పండి. గీత దాకా రక్తం పట్టమని కూడా చెప్పండి, తక్కువ పడితే ట్యూబులో ముందే ఉన్న, రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు ఎక్కువై ఎర్ర కణాలు కుంచించుకుపోతాయి.

గడ్డ లేదు. అప్పుడు స్క్రీన్ మీద గీతలు చూడండి. ప్లేట్‌లెట్ గీత కుడివైపు నేలకి దిగకుండా రంపపు పళ్లలా సాగుతోందా? తెల్ల కణాల గీత ఎడమ మొదట్లోనే పైకి లేచిందా? అయితే తాడుతో కట్టుకున్న బైకుల గుంపు లారీల లెక్కలో పడిందన్నమాట.

తర్వాత స్మియర్, అంటే స్లైడు మీద పలచగా పరిచిన రక్తం. లీష్‌మన్ స్టెయిన్ అనే రంగు వేసి ముందు తక్కువ లెన్సుతో స్మియర్ తోక అంచు చూడండి, గుంపులు అక్కడికే కొట్టుకుపోయి ఉంటాయి. గుంపులు లేకపోతే ఆయిల్ లెన్సు కింద కణాలు ఒకదానికొకటి తగిలీ తగలకుండా పరుచుకున్న చోట పది ఫీల్డుల్లో ప్లేట్‌లెట్లు లెక్కపెట్టి, సగటుని 15,000తో గుణించండి. ఫీల్డుకి రెండే కనిపిస్తే 30,000 నిజమే. వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి, హిమటోక్రిట్ అంకె కూడా చెప్పండి. డెంగీలో హిమటోక్రిట్ ముందున్నదానికంటే 20 శాతం పెరిగితే నీరు రక్తనాళాల్లోంచి కారిపోతోందని అర్థం, డాక్టరుకి ప్లేట్‌లెట్ల కంటే అదే ముందు కావాలి. అలాగే పొద్దున్న 18,000, సాయంత్రం 21,000 వస్తే కణాలు పెరిగాయని ఇంటివాళ్లతో మీరు అనకండి. అంత తక్కువలో ఆ తేడా మిషన్ తేడా కావచ్చు. బొప్పాయి ఆకు రసం తాగించినవాళ్లు ఎలాగూ అది రసం మహిమే అంటారు.

కిందటేడు వర్షాల్లో కవిటి వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పులకి వెళితే పరీక్ష రాశారట, బయట ఎక్కడో 41,000 వచ్చిందట. “కణాలు పడిపోనాయంట బావూ, నానింక బతకనేటి?” అంది. ఒంటి మీద మచ్చ లేదు, చిగుళ్లు బాగున్నాయి, జ్వరం లేదు. పైగా బల్ల మీద కూర్చుని చక్కగా తమలపాకు నములుతోంది. మా మిషన్‌లో 38,000 వచ్చింది. స్మియర్ తోక దగ్గర చూస్తే ప్లేట్‌లెట్లు చెదలు పుట్టలా కుప్పలు కుప్పలు. పర్పుల్ ట్యూబులో ఉండే ఈడీటీఏ అనే మందు కొందరి రక్తంలో ఇలా అతుక్కునేలా చేస్తుంది. ఒంట్లో మాత్రం ప్లేట్‌లెట్లు మామూలుగానే ఉంటాయి.

ఇలాంటి కేసులో నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీయండి. నల్ల మూత ఈఎస్ఆర్ ట్యూబు తీసుకోకండి, అందులోనూ సిట్రేటే ఉంటుంది కానీ పాళ్లు వేరు. నీలం ట్యూబులో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు మందు, కాబట్టి వచ్చిన ప్లేట్‌లెట్ అంకెని 1.1తో గుణించాలి. మిగతా అంకెలన్నీ పర్పుల్ ట్యూబువే ఇవ్వండి. ఆలస్యం చేయకుండా నడపండి, కొందరికి సిట్రేట్‌లో కూడా కాసేపటికి గుంపులు కడతాయి. ఆమెకి 1,92,000 వచ్చింది, 1.1తో గుణిస్తే 2,11,000.

రిపోర్టులో అంకె ఒక్కటే వేసి ఊరుకోకండి. “ఈడీటీఏ ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపులు కడుతున్నాయి, సిట్రేట్ ట్యూబుతో లెక్కించినది” అని కింద రాయండి. మళ్లీ ఎప్పుడు ఎక్కడ తీసినా ఆ మనిషికి ఇలాగే తక్కువ చూపించే అవకాశం ఉంది. అందుకని ఒక చిన్న అట్టముక్క మీద అదే మాట తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, ల్యాబ్ స్టాంపు వేసి, ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకోమని ఇవ్వండి. ముసలమ్మ పర్సు లేదంది. తమలపాకుల సంచిలో పెట్టుకుంది.